పోస్టమ్మా, కంకర దొరలూ

ఆమెను ఆ లోయలో అందరూ పోస్టమ్మ అనేవారు. జీతం కాగితాల మీద అసలు పేరొకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదు. ముప్పై ఒక్కేళ్ళు కంకర దారుల మీద సైకిలు తొక్కి ఉత్తరాలు పంచిన మనిషి. అలాంటిది, జనం సెలవులు పెట్టుకుని, ఎక్కడెక్కడి నుంచో రైళ్ళెక్కి వచ్చి, అదే కంకర మీద సరదాకి సైకిళ్ళు తొక్కుతారని అల్లుడు చెప్పినప్పుడు ముందు నమ్మలేదు. ఆ తరవాత నవ్వింది. ఆ నవ్వు ఆమె మొహం మీద చాలా రోజులు ఉండిపోయింది. అది మంచి నవ్వు కాదు.

"సరదాకా?" అంది.

"సరదాకే, అత్తయ్యా."

"పక్కన తారు రోడ్డు పెట్టుకుని?"

"తారు రోడ్డు మీద వాళ్ళకి మజా ఉండదండీ. గతుకులుండాలి, దుమ్ముండాలి, మిట్టపల్లాలుండాలి. దాన్నే అనుభవం అంటారు."

"అనుభవమే కావాలంటే నా దగ్గర బోలెడుంది. రెండు మోకాళ్ళలోనూ ఉంది. వచ్చి తీసుకుపొమ్మను."

ఆ ఉద్యోగం ఆమెకు దొరకడమే ఒక వేళాకోళంగా దొరికింది. అంతకు ముందున్న పోస్టుమేను కుక్క కరిచిందని ఒకసారి, నడుం పట్టేసిందని ఒకసారి, చివరికి ఏ కారణమూ చెప్పకుండా ఇంకోసారి మానేశాడు. ఆ బీటుకు వెళ్ళేవాళ్ళు లేరు. అప్పుడు ఆమెకు ఇరవై ఏడేళ్ళు. చంకలో పిల్ల. బస్సు కండక్టరు భర్త సంపాదన ఇంటద్దెకూ పాలకూ సరిపోతే బట్టలకు సరిపోయేది కాదు. అర్జీ పెట్టుకుంది. పోస్టుమాస్టరు సంతకం పెడుతూ, పక్కనున్న గుమాస్తాతో, "వారం రోజులు. ఏడుస్తూ వచ్చి సంచీ బల్ల మీద పెట్టేస్తుంది చూడు" అన్నాడు. తలుపు అవతల ఉన్న మనిషికి చెవులుంటాయని ఆయనకు తోచలేదు. ఆ వారం ముప్పై ఒక్కేళ్ళు సాగింది. పోస్టుమాస్టర్లే ఏడుగురు మారారు.

ఆఫీసు వాళ్ళిచ్చిన సైకిలు ఇనపది. దాని మీద ఉత్తరాల సంచీ, పార్సిళ్ళ బుట్ట పెడితే ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదెలా ఉండేది. ఎక్కడం ఒక పని, ఆపడం ఇంకో పని. పట్నం చివర పోస్టాఫీసు దగ్గర బయలుదేరి, ఏటి గట్టు వెంట నాలుగు మైళ్ళు, అక్కణ్ణుంచి గోధుమ చేల మధ్య మొదటి మిట్ట, దిగితే బంగాళదుంప పొలాలు, మళ్ళీ మిట్ట, దాని నెత్తిన పెద్ద కోట, అవతల పాలావిడ ఫారం, అక్కడి నుంచి లోయలోకి నిలువు దిగుడు, ఏటి మీద నడక వంతెన, వంతెన దాటి మేకల ఫారం, దాని వెనక చిన్న కోట. అక్కడ సంచీ ఖాళీ అయ్యేది. తిరుగు దారి మళ్ళీ అంతే. రోజూ.

కంకర గురించి ఆమెకు తెలిసినంత ఆ కంకర కొట్టినవాళ్ళకు కూడా తెలియదు. వాన పడ్డ మర్నాడు రాళ్ళన్నీ దారి అంచులకు కొట్టుకుపోతాయి, నడిమి గట్టు మీదే పోవాలి. ఎండాకాలం నడిమి గట్టు మీద దుమ్ము పిండిలా పేరుకుంటుంది, అప్పుడు చక్రాల జాడలో పోవాలి. మలుపులో బ్రేకు పట్టుకున్నవాడు పడతాడు. మలుపుకు ముందే పట్టుకుని, మలుపులో వదిలేయాలి. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎడమ మోచేతి మీద మూడు మచ్చలు, గడ్డం కింద ఒకటి నేర్పాయి.

రిటైరైన రోజున ఆఫీసులో ఒక శాలువాలాంటిది కప్పి, ఆమె సేవల గురించి ఇద్దరు మాట్లాడారు. ఇద్దరిలో ఏ ఒక్కడూ ఆ లోయ చూసినవాడు కాదు. సైకిలు ప్రభుత్వ ఆస్తి కాబట్టి సంతకం పెట్టించుకుని వెనక్కి తీసుకున్నారు. "బాధగా ఉందా?" అని కూతురు అడిగింది. "దాన్ని నా కళ్ళ ముందు కరిగిస్తే ఇంకా బాగుండేది" అంది పోస్టమ్మ.

అల్లుడు సోఫాల షాపులో సేల్స్‌మన్‌గా పని చేసినవాడు. కూర్చుంటే విరిగే కుర్చీని కూడా ఇది మీ నడుముకు వ్యాయామం అని చెప్పి అమ్మగలడు. ఆ నోరు ఒకరి షాపులో ఎందుకు వృథా చేసుకోవాలని, ఉద్యోగం మానేసి, పన్నెండు సైకిళ్ళు, ఒక వ్యాను కొని, 'కంకర దారుల్లో కోటల యాత్ర' అని బోర్డు పెట్టాడు. మ్యాపులో దారి గీశాడు. గీసిన దారి పోస్టమ్మ బీటే. కాకపోతే అది సగం పొలాల గుండా పోతుంది, పొలాలకు గేట్లున్నాయి, గేట్లకు మనుషులున్నారు. ఆ మనుషులు అల్లుణ్ణి చూసి కుక్కల్ని ఉసిగొల్పారు.

"మీరు ఒక్క మాట చెబితే చాలు అత్తయ్యా. మీ మాట కాదనరు."

"ఎందుకు కాదనరు? వాళ్ళ కాగితాలు ముప్పై ఏళ్ళు తడవకుండా తెచ్చిచ్చాను కాబట్టి. దాన్ని పట్టుకెళ్ళి నీ సైకిళ్ళకి బెల్లు కింద బిగించమంటావా?"

అన్నది గానీ, వెళ్ళింది. కూతురు మొహం చూసి వెళ్ళింది. ఫారాలన్నీ తిరిగింది. అందరూ సరేనన్నారు. అందరిలోకీ గట్టిమనిషి పాలావిడ. నలభై ఆవులను ఒంటిచేత్తో చూసుకునే మనిషి, మాట కూడా పాలు కొలిచినట్టు కొలిచి పోస్తుంది.

"నువ్వడిగావు కాబట్టి సరే వదినా. కానీ పై గేటు తీసినవాడు గేటు వేసి రావాలి. ఆ గేటు పక్కనే లూసర్న్ మేత మడి ఉంది. తడి లూసర్న్ తింటే ఆవులు ఉబ్బి చస్తాయి. నీకు తెలుసు."

"తెలుసు. వేస్తారు. పూచీ నాది."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సిందని తరవాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

యాత్రలు మొదలయ్యాయి. పోస్టమ్మ పని వ్యానులో ముందుగా పోయి పాలావిడ ఫారంలో టీ, రొట్టెలు సిద్ధం చేయించడం. వచ్చినవాళ్ళను చూడటం ఆమెకు దినదినమూ కొత్త వినోదం. ఒంటికి అంటుకుపోయే బట్టలు వేసుకుని దిగేవారు. లాగులో కూర్చునే చోట మెత్తలు. ఆ మెత్తల కింద రాసుకోవడానికి ఒక క్రీము, దానికొక పేరు. దాహానికి నీళ్ళు కాదు, రంగునీళ్ళు. ఆకలికి అన్నం కాదు, గొట్టంలో జిగురు. పళ్ళతో చింపి, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగేవారు. పైగా మొహాల మీద ఏదో గొప్ప త్యాగం చేసినట్టు కళ ఒకటి.

"మీరూ ఈ దారిలోనే తొక్కేవారట కదా! ఎంత అదృష్టం!" అని ఒకావిడ ఆమె చేతులు పట్టుకుంది.

"అవునమ్మా. జ్వరమొచ్చినా అదృష్టం వదిలేది కాదు" అంది పోస్టమ్మ.

కోటల దగ్గర అల్లుడి నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. పెద్ద కోట బురుజు కింద అందరినీ నిలబెట్టి, యుద్ధంలో రాజు పోయాడని విని రాణి ఆ బురుజు మీంచి ఏట్లోకి దూకిందని చెప్పేవాడు. గొంతు వణికించేవాడు. బురుజుకూ ఏటికీ మధ్య అరమైలు దూరముంది. దూకితే ఆ రాణి బంగాళదుంప చేలో పడాలి. ఈ ముక్క ఎవ్వరికీ తట్టేది కాదు. ఫోటోలు తీసుకునేవారు. పోస్టమ్మకు తెలిసిన కోట వేరు. తొంభై ఆరు మెట్లు, పైన రెండు గదుల్లో ఒక ముసలాయన, ఆయన చెవి మిషనుకు నెలకోసారి పార్సిలులో వచ్చే బ్యాటరీలు. మిగతా కోట నిండా గోధుమ బస్తాలు, ఎలుకలు. తలుపు కొట్టినా ఆయనకు వినపడదు, బ్యాటరీలు ఆమె సంచీలో ఉండేవి కాబట్టి. అంచేత తొంభై ఆరు మెట్లూ ఎక్కేది. ఆ మెట్ల మీద ఏ రాణీ ఆమెకు ఎదురుపడలేదు.

రెండో ఏడు వానలు తగ్గుముఖం పట్టాక ఎనిమిదిమంది గుంపు వచ్చింది. అందులో ఒక పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ భర్త, ఇంకో అయిదుగురు, వాళ్ళందరికీ తనే నాయకుణ్ణని తనకు తానే చెప్పుకున్న ఒక పొట్టి మనిషి. ఏదో కంపెనీలో పెద్ద కుర్చీ. సైకిలు హ్యాండిలు మీద చిన్న తెర ఉన్న పెట్టె ఒకటి బిగించుకున్నాడు. దాన్ని చూస్తూ తొక్కుతాడు, చూస్తూ తాగుతాడు, చూస్తూ మాట్లాడతాడు. పోస్టమ్మ అతనికి గడియారం అని పేరు పెట్టింది. బయలుదేరే ముందు ఆమె ఎప్పటిలాగే అందరికీ గేట్ల సంగతి చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గడియారం ఆ మూడుసార్లూ పెట్టె వంకే చూస్తూ తలూపాడు.

రెండో రోజు పొద్దున చిన్న జల్లు పడి వెలిసింది. అల్లుడు వ్యానులో పోస్టమ్మను పాలావిడ ఫారంలో దింపి, చక్రం పంచరైన ఒకాయన కోసం కోట వైపు వెనక్కి పోయాడు. పదింటికల్లా మిగతావాళ్ళు వచ్చేశారు. గడియారం అందరికన్నా ఆఖర్న వచ్చాడు గానీ, రాగానే పెట్టె నొక్కి, "ఆ మిట్ట మీద నాదే బెస్టు టైము" అన్నాడు. వంటింటి పొడుగు బల్ల చుట్టూ కూర్చుని టీలు తాగారు. రొట్టెలు బాగున్నాయన్నారు. పాలావిడ వేడి పాలు పోస్తూ కిటికీలోంచి చూసి, చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. నెమ్మదిగానే పెట్టింది. ఆ నెమ్మది చూసే పోస్టమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

పై మేతబీడులో ఉండాల్సిన ఆవులు లూసర్న్ మడిలో ఉన్నాయి. తలలు ఎత్తకుండా మేస్తున్నాయి. గేటు బార్లా తెరిచి ఉంది.

ఆడవాళ్ళిద్దరూ పరుగెత్తారు. అరుస్తూ, కర్రలతో తోలుతూ ఆవులను మడిలోంచి బయటికి తెచ్చేసరికి ముప్పావుగంట మేతయింది వాటికి. అందులో మూడు అప్పటికే నడవలేకపోతున్నాయి. ఎడమ డొక్క డప్పులా బిగిసింది. మెడలు చాచి, నాలుకలు బయట పెట్టి రొప్పుతున్నాయి. పాలావిడ సీసాతో నూనె తెచ్చి ఒకదాని గొంతులో పోయబోతే సగం కింద పోయింది.

"డాక్టరు కావాలి. డొక్కలో సూది గుచ్చి గాలి తీయాలి. నా వల్ల కాదు వదినా" అంది.

లోయలో సెల్‌ఫోన్లు పలకవు. పాత ఫోను తీగ కిందటి వానలకు తెగింది, వేసే నాథుడు లేడు. వ్యాను లేదు. పాలావిడ జీపు షెడ్డులో ఇంజను విప్పి పెట్టి ఉంది. పోస్టమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. బుధవారం. పశువుల డాక్టరు బుధవారం పొద్దుట ఏటి అవతల మేకల ఫారంలో ఉంటాడు. పదకొండింటికి అక్కణ్ణుంచి వెళ్ళిపోతాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఆ లోయలో ఎవరు ఏ వారం ఎక్కడుంటారో ఆమెకు నోటికి వచ్చు. నడక వంతెన మీదుగా నాలుగున్నర మైళ్ళు.

గోడకు ఆనించిన సైకిళ్ళలో మొదటిది పట్టుకుంది. అది గడియారానిది.

"ఏయ్, ఏయ్! అది కార్బను సైకిలండీ! దాన్ని అట్లా..."

"సైకిలేగా!"

"మీకు దాని గేర్లు తెలియవు. నేనే వెళ్తాను, దారి చెప్పండి."

"చెప్పాను నాయనా. గేటు సంగతి మూడుసార్లు చెప్పాను" అని, ఎక్కింది.

తొక్కేచోట పాదం ఆనదు. గుప్పెడంత ముద్ద, దానికి బిగించుకునే బూట్లు వేరే ఉంటాయి. ఆమె కాళ్ళకు రబ్బరు చెప్పులు. మడమకు ముందున్న గుంట అక్కడ ఆనించి ఒక్క తొక్కు తొక్కింది. సైకిలు కిందనుంచి ఎగిరిపోతుందేమో అనిపించింది.

అరవై ఒక్కేళ్ళ మనిషి. కొంగు నడుముకు దోపి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఆ నిలువు దిగుడులో దిగింది. పొద్దుట వాన పడింది కాబట్టి రాళ్ళు అంచులకు పోయి ఉంటాయి, నడిమి గట్టు. పొద్దుతిరుగుడు చేను మలుపు, ముందే పట్టు, ఇప్పుడు వదిలెయ్. రాతి కల్వర్టు, ఎడమకు. ఆలోచించనక్కర్లేదు, ఒళ్ళే చెబుతోంది. అడుగున ఏటి నీళ్ళు మెరిశాయి. వంతెన చెక్కలు టకటకమన్నాయి. అంతే, అవతల ఎక్కుడు మొదలైంది.

ఆ ఎక్కుడంటే ఆమెకు అసహ్యం. ఇనప సైకిలును ఆ ఎక్కుడు మీద ఏనాడూ తొక్కలేదు. దిగి, హ్యాండిలు మీద రొమ్ము ఆనించి తోసేది. కడుపుతో ఉన్నప్పుడూ తోసింది. ఒకసారి సగంలో జారి, సంచీలోని కాగితాలన్నీ బురదలో పడితే, ఒక్కోటీ పైటతో తుడుచుకుంటూ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు దిగుదామని కాలు తీయబోయింది. దిగనవసరం లేకపోయింది. చేతికి తగిలిన మీటేదో నొక్కితే టిక్కుమని చక్రం తేలికైంది. మోకాళ్ళు నొప్పిగానే ఉన్నాయి. కానీ సైకిలు ఎక్కుతోంది. ఆమెను మోసుకుని పైకి పోతోంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆయాసం వల్ల కాదు, భయం వల్ల కాదు. కోపం. ఇలాంటి సైకిలు ఒకటి లోకంలో చేయగలరన్నమాట. చేయగలిగి, దాన్ని ఎవరికిచ్చారు? కూర్చునే చోట మెత్తలు పెట్టుకున్నవాళ్ళకు. ఏ పనీ లేక కొండెక్కేవాళ్ళకు. బరువు మోసేదానికి మాత్రం ఇనప గాడిదనిచ్చి, ఆపైన సంతకం పెట్టించుకుని వెనక్కి తీసుకున్నారు. తనకు తెలిసిన తిట్లన్నీ, కొన్ని భర్త బస్సులో నేర్చుకొచ్చినవి కూడా కలిపి, పైకే తిడుతూ మేకల ఫారం గేటు దగ్గర దిగింది. దిగి, గేటు తీసి, లోపలికి వెళ్ళి, గేటు వేసింది.

పశువుల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు.

"పోస్టమ్మా? ఇదేమిటి, ఈ వేషం?"

"పాలావిడ ఆవులు లూసర్న్ తిన్నాయి. మూడు పడిపోయేట్టున్నాయి. పదండి."

ఆయన తువ్వాలు అక్కడే పడేసి మోటారు సైకిలు తీశాడు. నడక వంతెన మీద అది పడుతుంది. ఆమె వెనక ఎక్కింది. గడియారం కార్బను సైకిలును మేకల ఎరువు గుట్టకు ఆనించి వెళ్ళింది. కావాలనే అక్కడ పెట్టిందా అని తరవాత కూతురు అడిగితే, "దగ్గర్లో అదే ఉంది" అంది.

వాళ్ళు వెళ్ళేసరికి ఒక ఆవు చచ్చిపోయింది. మిగతా రెండింటినీ మిట్ట వైపు మొహం పెట్టి నిలబెట్టారు. పళ్ళ డాక్టరమ్మ ఆ పొట్టి లాగుతోనే పేడలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆవు నోట్లో అడ్డంగా కర్ర పెట్టి రెండు చేతులా పట్టుకుని ఉంది. నోరు తెరిచి ఉంటే కొంత గాలి పోతుందని పాలావిడ చెప్పిందిట. "నోట్లో చేతులు పెట్టడం నాకు అలవాటే" అంటోంది, మోచేతుల దాకా చొంగతో. ఆవిడ భర్త ఆవు తోక పట్టుకుని ఉన్నాడు, ఎందుకో ఆయనకూ తెలియదు. తక్కినవాళ్ళు షెడ్డు నీడన నిలబడి ఉన్నారు. ఒకడు వీడియో తీస్తున్నాడు.

గడియారం ఎదురొచ్చాడు.

"నా సైకిలేదీ?"

పోస్టమ్మ అతని వైపు చూసింది. అతని వెనక నాలుగు కాళ్ళూ బిగదీసుకుని పడి ఉన్న ఆవు వైపు చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.  జీవితంలో మాటకు మాట బాకీ ఉంచుకోని మనిషి ఆ ఒక్కసారికీ నోరు తెరవలేదు. ఏ మాట అన్నా అతనికి ఎక్కువే అనిపించింది.

డాక్టరు ఎడమ డొక్కలో బోలుసూది గుచ్చాడు. కంపు కొడుతూ బుస్సున గాలి వచ్చింది. రెండో దానికీ గుచ్చాడు. పావుగంటలో డొక్కలు దిగాయి. రెండూ బతికాయి.

అల్లుడు వ్యానులో తిరిగి వచ్చి సంగతి విని నెత్తి పట్టుకున్నాడు. ఆ నెత్తి పట్టుకోవడం ఆవు కోసం కాదు. గడియారం అతనితో, "గేటు నేనే తీశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆగితే నా సగటు వేగం పడిపోతుంది కదా. వెనక ఎవరో ఒకరు వేస్తారనుకున్నాను" అన్నాడు.

"మీ వెనక ఎవరూ లేరండీ. మీరే ఆఖరు" అంది పళ్ళ డాక్టరమ్మ, కుళాయి కింద చేతులు కడుక్కుంటూ.

సాయంత్రం అతని సైకిలు వ్యానులో తెప్పించారు. ఎరువు తుడుచుకుని, అతను పెట్టె నొక్కి చూసుకున్నాడు. పోస్టమ్మ దిగిన దిగుడు, ఎక్కిన ఎక్కుడు మొత్తం అందులో ఎక్కింది. ఆ దిగుడు మీద అంతవరకూ ఏ మొనగాడూ అంత వేగంగా దిగలేదట. నాలుగు రోజుల తరవాత కూతురు ఫోనులో చూపించింది. రికార్డు ఇంటర్నెట్లో అందరూ చూసేలా పెట్టేశాడు, తన పేరుతో, తన ఫోటోతో. కింద రెండొందలమంది శభాష్ అన్నారు. 'తడి కంకర మీద ధైర్యం చేయాల్సి వచ్చింది' అని ఒక ముక్క కూడా రాసుకున్నాడు.

"అమ్మా, నేను రాస్తాను, ఇది మా అమ్మదీ అని. పరువు పోతుంది వాడికి!"

"వద్దు. ఉంచుకోనీ. అంత వేగంగా పోయేంత పని వాడికి జన్మలో పడదు" అంది పోస్టమ్మ.

భర్త మాత్రం ఆ ఫోను తీసుకుని వరండాలో కూర్చుని గంటసేపు చూశాడు. "నేను తోలించిన బస్సు కూడా తారు రోడ్డు మీద ఇంత వేగం పోలేదే" అన్నాడు. ఆయన నుంచి ముప్పై ఏళ్ళలో వచ్చిన పెద్ద పొగడ్త అదే.

పాలావిడ గేటుకు గొలుసు పడింది. చచ్చిన ఆవుకు బీమా వచ్చింది, అది వేరే సంగతి. ఆవిడ అల్లుణ్ణి తిట్టలేదు, పోస్టమ్మనూ తిట్టలేదు. మాట్లాడటం మానేసింది.

"మీరొక్కసారి వెళ్ళి చెబితే..." అని అల్లుడు నెల్లాళ్ళు నసిగాడు.

"ఆవిడ ఆ గేటు నా మాట మీద తెరిచింది. ఆ మాట నీ గుంపు తొక్కేసింది. ఇంకో మాట నా దగ్గర లేదు, పో."

చివరికి అతను దారి మార్చాడు. ఏటికి ఇవతలి గట్టు వెంట, సగం తారు, సగం కంకర. పెద్ద కోట మైలు దూరం నుంచి కనిపిస్తుంది. రాణి ఇప్పుడు ఇంకా ఎత్తు నుంచి దూకుతోంది. వచ్చేవాళ్ళు ఎవరూ తేడా కనిపెట్టలేదు, వాళ్ళ చూపు హ్యాండిలు మీద పెట్టె దాటితేగా. వ్యాపారం బాగానే ఉంది. పళ్ళ డాక్టరమ్మ మాత్రం మళ్ళీ రాలేదు. పాలావిడకు ఒక ఉత్తరం రాసిందిట, చేత్తో, రెండు పేజీలు.

పోస్టమ్మ అల్లుడి పన్నెండు సైకిళ్ళలో ఒకటి తెచ్చేసుకుంది. అడగలేదు, తెచ్చుకుంది. వారానికోసారి, ఆవు పోయిన బుధవారం తప్పించి ఏదో ఒక రోజు, దాని మీద పాలావిడ ఫారం దాకా పోయేది. గొలుసు గేటు బయట ఆగి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేది. పాలావిడ పని చేసుకుంటూనే ఉండేది. తలెత్తేది కాదు. పోస్టమ్మ పిలిచేది కాదు. ఇలా పది వారాలు. అందరి మీదా పెదవి విరిచే మనిషికి తన మీద తనకు విరవడం రాదనుకోకూడదు. గేటు బయట నిలబడ్డంతసేపూ అదే చేసేది. పూచీ నాది అన్నావు, ఎవరిని చూసుకుని అన్నావు, సోఫాలు అమ్మేవాణ్ణి చూసుకునా?

పదకొండో వారం పాలావిడ చేతిలో గడ్డి ఎత్తే పార పెట్టుకుని గేటు దాకా వచ్చింది.

"ఏమిటి వదినా, వారం వారం ఇట్లా దెయ్యంలా నిలబడతావు? గొడ్లు బెదురుతున్నాయి. వస్తే లోపలికి రా, లేకపోతే పో."

పోస్టమ్మ వెళ్ళింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు.  పాలావిడ పాలు కాచింది. ఆఖరికి బల్ల మీదున్న తడిసి ముద్దయిన కవరొకటి ముందుకు తోసింది.

"చూడు. కొత్తగా వచ్చినవాడు వ్యానులో వస్తాడు. దిగడు. హారను కొట్టి, కిటికీలోంచి గేటు మీదికి విసిరి పోతాడు. నిన్న బురదలో పడింది."

పోస్టమ్మ ఆ కవరు అంచు పట్టుకుని పైకెత్తి చూసింది. మొహం చిట్లించింది.

"పేరైనా చదువుతున్నాడా, లేదా?"

"చదువొచ్చో రాదో. పక్క ఫారం వాళ్ళవి కూడా నాకే వేస్తున్నాడు."

"వాడి వ్యాను తగలెయ్య. ఎన్నింటికొస్తాడు?"

"పదకొండింటికి."

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. ఇద్దరూ కుర్చీలు కిటికీ వైపు తిప్పుకుని, పాలు తాగుతూ, వాడి కోసం కూర్చున్నారు.